ఆకాశము నుండి దిగిన పెట్టె

మూసారాంబాగ్‌లో మేము ఉంటున్న ఇంటి మేడ ఎక్కితే ఇప్పుడు నాలుగు దిక్కులా అపార్టుమెంట్ల గోడలే కనిపిస్తాయి. మెట్రో రైలు వచ్చాక దిల్‌సుఖ్‌నగర్ వైపు చూపు కూడా ఆగిపోయింది. ఒక్క ఆకాశమే మిగిలింది. చలికాలంలో తెల్లవారుజామున ప్రార్థన చేసుకొని, ట్యాంకు నిండిందో లేదో చూడడానికి మేడ ఎక్కడం మాకు అలవాటు. కొన్ని సంవత్సరాల క్రితం అలా ఎక్కిన ఒక ఉదయాన ఈశాన్యం వైపు, చాలా ఎత్తున, ముత్యమంత తెల్లని చుక్క కనిపించింది. వేగుచుక్క అనుకున్నాము. అయితే తెల్లవారి, కాకులు లేచి, పాలవాడు వచ్చి వెళ్ళినా ఆ చుక్క వెలిసిపోలేదు. పైగా అరగంటలో జానెడు మేర పక్కకు జరిగింది.

పక్కింటి పిల్లలు అది ఎగిరే పళ్ళెమేనని తేల్చేసి సెల్‌ఫోన్లు పైకెత్తారు. కింది వాటాలోని పెద్దమ్మ, "బాబూ, ఇది రాకడకు గుర్తు కాదు గదా?" అని మెల్లగా అడిగింది. మాకు ఏ జవాబూ తెలియదు. తెలియదని చెప్పడానికి మనసొప్పక, "ఏదో విమానం లెండి" అని చెప్పి కిందికి దిగి వచ్చేశాము. విమానం కాదని మాకు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి మొదటి కారణం ఆ చిన్న అబద్ధమే.

రెండవ కారణం 2022 డిసెంబరు 7న వచ్చిన ఫోను. వికారాబాద్ జిల్లాలో వ్యవసాయం చేసుకునే మా తమ్ముడు వరుస అతను చేశాడు.

"అన్నా, మా దిక్కు మొగిలిగుండ్లల ఆకాశం మీదికెల్లి ఏదో పడ్డదంట. గుండ్రంగ, పెద్దగ ఉన్నదంట. జనం జాతర లెక్క పోతున్నరు. నేను పోవాల్నా, వద్దా?"

"పో. కాని ముట్టకు. పోలీసులకు చెప్పిన్రా లేదా అది కనుక్కో" అన్నాము.

మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆ రోజు దిగింది వేరే లోకపు వాహనం కాదు. స్పెయిన్ దేశపు హేలో స్పేస్ అనే సంస్థ, ముందు ముందు మనుషులను బెలూను కింద కట్టిన గదిలో కూర్చోబెట్టి ఆకాశపు అంచు దాకా తీసుకువెళ్ళాలని ఒక నమూనా గది తయారు చేసింది. లోపల మనుషులు లేకుండా దానిని హైదరాబాదు నుండి పైకి పంపి పరీక్షించారు. అది పారాచూట్ మీద దిగివచ్చి అక్కడ వాలింది. సాయంత్రానికి విషయం తెలిసిపోయింది. కాని ఉదయం నుండి సాయంత్రం వరకు ఆ ఊళ్ళో ఉన్న భయం, కుతూహలం, పుకార్లు - వాటిని తేలికగా తీసివేయలేము. ఊరి చివర చేనులో తెలియని వస్తువు పడితే ఆ చేనువాడు ఏమి చెయ్యాలి? దేశపు సరిహద్దు మీద తెలియని వస్తువు ఎగిరితే ఆ దేశపు సైన్యం ఏమి చెయ్యాలి? ఈ రెండు ప్రశ్నలు వేరువేరు కావని, చదివిన కొద్దీ మాకు తోచింది.

ముందు మన హైదరాబాదు సంగతి చెప్పుకుందాం. మూసారాంబాగ్ నుండి ఈ.సి.ఐ.ఎల్. వైపు వెళితే, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూను కేంద్రం ఉన్నది. 1969లో ఏర్పడింది. భూమి మీద గాలి పొర మనకు కప్పు వంటిది. పైనుండి వచ్చే కిరణాలలో చాలా వాటిని అది ఆపేస్తుంది. మనం బ్రతకడానికి అది మేలే గాని, ఆ కిరణాలను చదవాలనుకునే శాస్త్రజ్ఞులకు అడ్డం. అందుకని పరికరాలను బెలూనుకు కట్టి 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. మనం ఎక్కే విమానాలు పది, పన్నెండు కిలోమీటర్లకు మించి పోవు. ముప్ఫై కిలోమీటర్లు దాటాక అక్కడ ఉండే గాలి, నేల మీది గాలిలో నూరవ వంతు మాత్రమే.

ఈ బెలూను తిరునాళ్ళలో అమ్మే బుగ్గ వంటిది కాదు. చాలా పలుచని పాలిథీన్ పొరతో చేసి, హైడ్రోజన్ వాయువు నింపుతారు. నేల మీద ఉన్నప్పుడు పైభాగంలో కొంచెమే నింపుతారు, మిగిలినదంతా ఖాళీ గోనెసంచి లాగా వేలాడుతుంది. చూసేవారికి ఇది ఎగురుతుందా అని అనుమానం వస్తుంది. పైకి పోయిన కొద్దీ బయట ఒత్తిడి తగ్గి లోపలి వాయువు వ్యాపిస్తుంది. పూర్తిగా ఉబ్బిన తరువాత అడ్డంగా 50 నుండి 85 మీటర్లు ఉంటుంది. మన పల్లెలో ఒక చర్చి, దాని ఆవరణ, పాస్టరుగారి ఇల్లు కూడా అందులో ఇమిడిపోతాయి. అంత పెద్ద తెల్లని వస్తువు అంత ఎత్తున ఉంటే, కింద మనకు ఇంకా చీకటిగా ఉన్నప్పుడే దాని మీద ఎండ పడుతుంది. మనకంటే ఇరవై నిమిషాలకు పైగా ముందే అక్కడ సూర్యోదయం అవుతుంది. అందుకే తెల్లవారుజామున, మళ్ళీ పొద్దుగూకిన తరువాత కాసేపు అది చుక్కలాగా మెరుస్తుంది. వంద కిలోమీటర్ల అవతల ఉన్న ఊరివాళ్ళు కూడా తమ ఊరి మీదనే ఉన్నదనుకుంటారు. మా మేడ మీద నుండి చూసింది ఇదే అయి ఉంటుందని, పెద్దమ్మకు ఈ మధ్యనే వివరంగా చెప్పి, ఆనాటి విమానం మాటను వెనక్కి తీసుకున్నాము. ఆవిడ నవ్వి, "నేనూ అప్పుడే అనుకున్నా, విమానమైతే మోత రాదా?" అన్నది.

పని ముగిశాక కేంద్రం నుండి రేడియో ద్వారా ఆజ్ఞ ఇస్తారు. పరికరాలు బెలూను నుండి విడిపోయి, రంగుల పారాచూట్ మీద ఇరవై నుండి నలభై నిమిషాలలో నేలకు దిగుతాయి. హైదరాబాదు నుండి రెండు, మూడు వందల కిలోమీటర్ల దూరంలో కూడా పడవచ్చు. విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపూర్ - ఈ గీతకు అటూ ఇటూ ఉన్న జిల్లాలలో ఎక్కడైనా పడవచ్చు. అందువల్లనే దాదాపు ప్రతి చలికాలం ముందు పత్రికలలో ఒక ప్రకటన వస్తుంది. అది కంటబడినా మనం దాటవేసి సినిమా పేజీకి పోతాము. ఆ ప్రకటన సారాంశం ఇది: పెట్టె పడితే కదిలించవద్దు, విప్పవద్దు. కొన్నింటిలో హెచ్చు ఓల్టేజి ఉండవచ్చు, ప్రాణాపాయం. పెట్టె మీద ఉన్న చిరునామాకు, ఫోనుకు తెలియజేయండి, లేదా దగ్గరి పోలీస్ స్టేషనులోనో పోస్టాఫీసులోనో చెప్పండి. చెప్పినవారికి ఖర్చులు, తగిన బహుమానం ఇస్తారు. పరికరాలను పాడుచేస్తే మాత్రం బహుమానం ఉండదు. పెట్టెతో పాటు స్థానిక భాషలో ఒక కాగితం కూడా ఉంచుతారు. 2025 జనవరి 18న కర్ణాటకలోని బీదర్ జిల్లా, హుమ్నాబాద్ తాలూకా జలసంగి గ్రామంలో తెల్లవారేసరికి ఒక ఇంటి మీద ఇటువంటి పెద్ద బెలూను వచ్చి పడింది. ఇంటివారు హడలిపోయారు. అందులో ఉన్న కన్నడ ఉత్తరం చదివాక గాని అది హైదరాబాదు నుండి వచ్చినదని తెలియలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా చిన్నతనంలో, మెదక్ జిల్లాలోని మా ఊరి జొన్నచేనులో ఇటువంటి పెట్టె ఒకటి పడింది. పెద్దవాళ్ళు బాంబు అన్నారు. ఇంకొకరు పాకిస్తాను అన్నారు. పోలీసులకు చెబితే స్టేషను చుట్టూ తిప్పుతారని, చేనుగలాయన దానిని గడ్డివాములో దాచిపెట్టాడు. పిల్లలం మేము ఊరుకుంటామా? దొంగచాటుగా విప్పి, లోపలి రాగి తీగ తీసుకొని బొంగరాలకు చుట్టుకున్నాము. వారం తరువాత జీపులో మనుషులు వచ్చి ఇల్లిల్లూ అడిగారు. ఊరు ఊరంతా ఒక్కమాట మీద "మాకు తెలియదు" అన్నది. వాళ్ళు తలలు వంచుకొని వెళ్ళిపోయిన దృశ్యం మాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉన్నది. ఎన్ని రోజుల కష్టం ఆ పెట్టెలో ఉన్నదో! తీగ మాత్రం బొంగరానికి నాలుగు రోజులు కూడా నిలవలేదు.

ఆ పెట్టెలలో ఏముంటుందో ఒక ఉదాహరణ చెబుతాము. 2005 ఏప్రిల్ 20న ఇస్రో వారు హైదరాబాదు కేంద్రం నుండి 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూనును పంపారు. దాని కింద 459 కిలోల పరికరం. అందులో శుద్ధి చేసిన ఉక్కు గొట్టాలు, వాటిని చల్లబరచడానికి ద్రవరూపంలో నియాన్. పైన 20 నుండి 41 కిలోమీటర్ల మధ్య గొట్టాల మూతులు తెరుచుకొని, అక్కడి గాలి లోపలికి చేరి గడ్డకట్టింది. కిందికి దిగాక ఆ గొట్టాలను మన హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లోను, పూనాలోని మరొక పరిశోధనశాలలోను పరీక్షించారు. అంత ఎత్తు గాలిలో కూడా సూక్ష్మజీవులు దొరికాయి. వాటిలో మూడు అంతవరకు ఎవరికీ తెలియని జాతులు. 2009లో ఈ సంగతి ప్రకటించి, ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుని పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. అవి ఇతర లోకాలనుండి వచ్చాయని ఆ శాస్త్రజ్ఞులు చెప్పలేదు. అలా తేల్చి చెప్పలేమని జాగ్రత్తగానే మాట్లాడారు. మా ఊరి పిల్లలవంటి వాళ్ళు ఆ గొట్టాల మూతులు ముందే విప్పి ఉంటే ఏమయ్యేది?

తెలియని దానికి ఏదో ఒక పేరు పెట్టుకోవడం మనిషి స్వభావం. మా పేట పేరే దానికి సాక్ష్యం. మూసారాంబాగ్ అంటే మూసారాం అనే భక్తుడో, షావుకారో అనుకునేవారు చాలామంది. ఆయన ఫ్రెంచి దొర, మస్యే రేమోఁ. నిజాం అలీఖాన్ దగ్గర సైన్యాధిపతిగా చేరి, వేలమంది సిపాయిలకు కవాతు నేర్పి, ఫిరంగులు పోత పోయించాడు. ఆయన పేరు నోరు తిరగక, హిందువులు మూసా రాం అన్నారు, ముస్లిములు మూసా రహీం అన్నారు. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. సమాధి మా ఇంటికి దగ్గరలోనే, ఆస్మాన్‌గఢ్ పక్క గుట్ట మీద ఉన్నది. ఆస్మాన్ అంటే ఆకాశమే. ఫ్రెంచి వాళ్ళను చూసి ఇంగ్లీషు వాళ్ళకు ఎంత అనుమానమంటే, అదే ఏడు నిజాంతో ఒప్పందం చేసుకొని ఆయన తయారు చేసిన సైన్యం చేత ఆయుధాలు కింద పెట్టించారు. మన పేటలో తోటగా మిగిలిన పేరు ఆ రోజుల్లో రెండు రాజ్యాలకు నిద్ర పట్టనీయలేదు.

ఆకాశపు భయం అంటే మన పెద్దలకు గుర్తుకు వచ్చేది స్కైలాబ్. 1979 జూలైలో అమెరికా వారి 77 టన్నుల అంతరిక్ష కేంద్రం కూలిపోతుందని రేడియోలో చెప్పారు. ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. మన తెలుగు పల్లెల్లో పంట అమ్మిన డబ్బులు ఖర్చుపెట్టి మేకలు, కోళ్ళు కోసుకు తిన్నారు. చనిపోయాక అప్పు ఎవరు అడుగుతారని చేతికి దొరికినంత అప్పు చేసినవారూ ఉన్నారు. మా ఊరి సంఘంలో ఆ వారం ఎన్నడూ గడప తొక్కనివారు కూడా వచ్చి మోకాళ్ళూనారు. అది హిందూ మహాసముద్రంలోను, ఆస్ట్రేలియా పడమటి భాగంలోను ముక్కలై పడింది. తరువాతి ఆదివారం చాపలు మళ్ళీ ఖాళీ. అప్పులవాళ్ళు మాత్రం తప్పక వచ్చారు. ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ అనే చోట అధికారులు, తమ ఊళ్ళో చెత్త వేసినందుకు నాసా మీద 400 డాలర్ల జరిమానా రాశారట. భయానికి అది మంచి మందే అనిపిస్తుంది మాకు.

ఇక పెద్ద దేశాల సంగతి. 1947లో అమెరికాలోని రాస్వెల్ దగ్గర ఒక పశువుల కాపరి మైదానంలో రేకులు, పుల్లలు, రబ్బరు ముక్కలు దొరికాయి. సైన్యం వారు ముందు ఎగిరే పళ్ళెం దొరికిందన్నారు, వెంటనే కాదు, వాతావరణ బెలూను అన్నారు. జనం నమ్మలేదు. నమ్మకపోవడంలో కొంత న్యాయమూ ఉన్నది. ఎందుకంటే అది మామూలు వాతావరణ బెలూను కాదు. రష్యా వాళ్ళు అణుబాంబు పేలిస్తే ఆ శబ్దాన్ని పై గాలి పొరలలో వినడానికి రహస్యంగా ఎగరవేసిన బెలూన్ల వరుస. ఈ నిజం సైన్యం నోట 1994లో గాని రాలేదు. నలభై ఏడు సంవత్సరాలు దాచిన రహస్యం నుండి ఎన్ని కట్టుకథలు పుట్టాయో లెక్కలేదు.

తరువాత అమెరికా వాయుసేన 1947 నుండి 1969 వరకు ప్రజలు, పైలట్లు చెప్పిన 12,618 సంఘటనలను నమోదు చేసి పరిశీలించింది. చాలావరకు గ్రహాలు, మేఘాలు, విమానాలు, బెలూన్లు. 701 మాత్రం ఏమిటో తేలలేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వారు విడిగా పరిశోధించి, ఇందులో శాస్త్రానికి ఒరిగేది పెద్దగా లేదన్నారు. అక్కడితో చదువుకున్నవారు ఆ మాట ఎత్తడానికే సిగ్గుపడే కాలం వచ్చింది. ఫ్రాన్సు దేశం మాత్రం 1977లో తన అంతరిక్ష సంస్థలోనే ఒక చిన్న విభాగం పెట్టి, పోలీసులు వ్రాసుకున్న వాంగ్మూలాలను శ్రద్ధగా చదువుతూ వచ్చింది. గ్రెనెడా అనే చిన్న ద్వీపదేశపు ప్రధాని ఎరిక్ గెయిరీ ఈ విషయాన్ని ఐక్యరాజ్య సమితి దాకా తీసుకువెళ్ళాడు. దేశాలు తమ తమ పరిధిలో పరిశోధించి ప్రధాన కార్యదర్శికి తెలుపవలసిందని 1978 డిసెంబరులో సర్వసభ్య సభ ఆహ్వానించింది. మూడు నెలలకే, ఆయన దేశంలో లేని సమయం చూసి ఆయన ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆకాశం మీద చూపు పెట్టి ఇంటి తలుపు మరచిపోయాడు, పాపం.

ఈ మధ్య కాలంలో గాలి మారింది. ఎగిరే పళ్ళెం అన్న మాట వదిలి, గుర్తు తెలియని ఆకాశ విషయాలు అని పొడవైన పేరు పెట్టి, విశ్వవిద్యాలయాలు మళ్ళీ చదవడం మొదలుపెట్టాయి. 2008లో వెంట్, డువాల్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రజ్ఞులు ఒక పెద్ద పత్రికలో, ప్రభుత్వాలు ఈ సంగతిని ఎందుకు పట్టించుకోనట్టు నటిస్తాయి అనే ప్రశ్న మీద వ్యాసం రాశారు. 2021 జూన్‌లో అమెరికా గూఢచార శాఖ విడుదల చేసిన నివేదికలో 144 సంఘటనలు ఉన్నాయి. అందులో ఖచ్చితంగా తేలింది ఒకటే. అది గాలిపోతున్న పెద్ద బెలూను! ఇది చదివినప్పుడు మా పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. 2023 సెప్టెంబరులో నాసా నియమించిన పండితుల బృందం తన నివేదిక ఇచ్చింది. వేరే లోకం వారు వచ్చారనడానికి ఆధారం దొరకలేదని, అయితే సరైన కొలతలు లేకుండా ఏదీ తేల్చలేమని, చూసినవారు ఎగతాళికి భయపడి చెప్పకపోవడమే పెద్ద ఆటంకమని అన్నారు. పైలట్లు తమ ఉద్యోగం పోతుందని నోరు మూసుకుంటారట. మా ఊరి చేనుగలాయన భయం కూడా ఇటువంటిదే గదా. ఆయనకు స్టేషను భయం, వీళ్ళకు ఉద్యోగ భయం.

ఇది ఎగతాళి విషయం కాదని మన దేశ సరిహద్దే చెబుతుంది. 2012లో లడఖ్‌లో, చైనా హద్దున ఉన్న సరస్సు దగ్గర మన జవాన్లకు రాత్రివేళ వెలుగులు కనిపించసాగాయి. చైనా వాళ్ళు పంపిన నిఘా యంత్రాలేమోనని కాపలా పెట్టి, కొన్ని నెలల్లో 329 సార్లు చూసినట్టు నమోదు చేశారు. కాల్చలేదు. కాల్చడానికి ముందు అడిగారు. బెంగుళూరులోని ఖగోళ శాస్త్ర సంస్థ వారిని పిలిపించగా, వాళ్ళు ఏ వెలుగు ఏ వేళకు ఎక్కడ కనిపించిందో లెక్కకట్టి, అవి శుక్రుడు, బృహస్పతి అని తేల్చారు. గాలి పలుచగా ఉండే ఆ ఎత్తులో గ్రహాలు మనం చూసేదానికంటే ప్రకాశంగా కనిపిస్తాయి. రెండు పెద్ద సైన్యాలు ఎదురెదురుగా ఉన్నచోట వేగుచుక్కను చూసి తుపాకి పేలి ఉంటే? ఈ ప్రశ్నకు జవాబు మనం ఊహించుకోనక్కరలేకుండా చేసిన ఆ జవాన్ల ఓపికకు మా నమస్కారములు.

ఇంకా దగ్గరగా తప్పిపోయిన ప్రమాదం ఒకటి ఉన్నది. 1995 జనవరి 25న నార్వే దేశపు శాస్త్రజ్ఞులు ఉత్తర ధ్రువపు వెలుగులను పరిశోధించడానికి ఒక రాకెట్ పంపారు. ముందుగా రష్యాకు తెలియజేశారు కూడా. ఆ ఉత్తరం రాడార్ దగ్గర కూర్చున్నవారికి చేరలేదు. వాళ్ళు దానిని అమెరికా క్షిపణి అనుకున్నారు. అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు అణ్వాయుధాల పెట్టె తెరిచారు. కొన్ని నిమిషాల తరువాత రాకెట్ దూరంగా పోతున్నదని తెలిసి మూసేశారు. ఏదో ఒక కార్యాలయంలో ఒక కాగితం ఒక బల్ల మీద నుండి మరొక బల్లకు పోకపోవడం! మన ప్రభుత్వ ఆఫీసుల సంగతి ఎరిగినవారికి ఇది ఎంత సులభంగా జరిగేదో వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి పొరపాటు భయంతోనే 1971 సెప్టెంబరు 30న అమెరికా, సోవియట్ రష్యా ఒక ఒప్పందం చేసుకున్నాయి. తమ హెచ్చరిక రాడార్లలో గుర్తు తెలియని వస్తువులు కనిపించినప్పుడు, అది యుద్ధానికి దారి తీసేటట్టుంటే వెంటనే ఒకరికొకరు తెలుపుకోవాలని అందులో వ్రాసుకున్నారు. ఆగర్భ శత్రువులు సైతం "నాకు ఏదో కనిపిస్తున్నది, అది నీదేనా?" అని అడగడానికి ఒప్పుకున్నారన్న మాట. భారత, పాకిస్తానులు కూడా 2005 అక్టోబరులో, బాలిస్టిక్ క్షిపణులను పరీక్షించే ముందు చెప్పుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. అయినా 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరిపోయి పాకిస్తానులోని మియాఁ చన్నూ దగ్గర పడింది. దేవుని దయవల్ల ఎవరూ చనిపోలేదు. రెండు రోజుల తరువాత మన ప్రభుత్వం పొరపాటు ఒప్పుకొని విచారం తెలిపింది. ముగ్గురు అధికారులను ఉద్యోగం నుండి తొలగించారు. ఆ రెండు రోజులు అవతలి వాళ్ళు తొందరపడలేదు. వాళ్ళను మెచ్చుకోవడానికి మనకు నోరు రాదు గాని, మెచ్చుకోవలసిందే.

తొందరపాటుకు ఉదాహరణ 2023 ఫిబ్రవరిలో దొరుకుతుంది. చైనా బెలూను ఒకటి అమెరికా దేశం మీదుగా తీరికగా తేలిపోయింది. 4వ తేదీన దానిని సముద్రం మీద కూల్చారు. అది నిఘా బెలూనని అమెరికా, వాతావరణ బెలూనని చైనా వాదించుకున్నాయి. ఆ కలవరంలో రాడార్ల జల్లెడను సన్నం చేశారు. సన్నం చేస్తే చిన్నవి కూడా చిక్కుతాయి గదా! 10, 11, 12 తేదీలలో వరుసగా మరి మూడింటిని యుద్ధ విమానాలతో కూల్చారు. అవి బహుశా ప్రైవేటు కంపెనీలవో, పరిశోధనలవో, సరదాకు ఎగరేసినవో అయి ఉంటాయని కొద్ది రోజులకు అధ్యక్షుడు బైడెనే చెప్పాడు. లక్షల డాలర్ల క్షిపణి ఎవరో సరదాగా ఎగరేసిన బుగ్గ మీద ఖర్చయిందేమో! మన దేశంలో కూడా 2016 జనవరి 26న రాజస్థాన్ మీద తేలుతున్న బెలూనును వాయుసేన విమానం కూల్చింది. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో కనిపించి రాకపోకలు ఆగిపోయాయి. రాఫెల్ విమానాలు వెళ్ళి వెదికినా ఏమీ చిక్కలేదు. ఆ రెండు చోట్లా చేసింది తప్పు అని మేము అనము. విమానాల నిండా మనుషులుంటారు, కాపలావాడికి అనుమానం ఉండాలి. కాని అనుమానానికీ తూటాకూ మధ్య అడిగే మనిషి ఒకడు ఉండాలి.

పాఠకులలో కొందరు "ఇవి కడవరి దినాల సూచనలు కావా?" అని అడుగుతారని మాకు తెలుసు. తూర్పు దేశపు జ్ఞానులు కూడా ఒక నక్షత్రం వెంట నడిచినవారే. వాళ్ళు యెరూషలేములో ఆగి దారి అడిగారు, అది మరచిపోతాము. బెలూనును చూసి రాకడ అనుకొని, మర్నాడు అది బెలూనని తెలిసి నవ్వులపాలైతే, నష్టపోయేది మన మాట విలువే. ముందు పెట్టె మీది కాగితం చదువుదాం.

మా తమ్ముడి కథ ఆ ఫోనుతో ముగిసిపోలేదు. తరువాతి చలికాలంలో అతని ఊరి పక్కనే ఒక రైతు పత్తి చేనులో చిన్న పెట్టె, దానికి పొడవాటి తాడు, చిరిగిన రంగుగుడ్డ దిగాయి. జనం ఇతనికి కబురు పెట్టారు. మొగిలిగుండ్ల పోయి వచ్చినవాడు గదా, పెద్ద తెలిసినవాడైపోయాడు. అతను వెళ్ళి, పిల్లలను దూరం జరిపి, కాగితంలో ఉన్నది గట్టిగా చదివి వినిపించి, నంబరుకు ఫోను చేసి, ఇద్దరు మనుషులతో వేపచెట్టు కింద కాపలా కూర్చున్నాడట. పొద్దువాలే వేళకు జీపు వచ్చింది. వచ్చినవారు పెట్టెను నాలుగువైపులా చూసి, ఎవరూ ముట్టలేదని తెలిసి చాలా సంతోషించారట. చేనుగల రైతు మాత్రం బహుమానం సంగతి అడగనే లేదు. ఆయన అడిగింది ఒకటే:

"సార్, ఇంక ఏరని పత్తి ఉన్నది. తొక్కకుంట తీస్కపోతరా?"